కన్యాశుల్కంలో ఇంటి తగవు

నాటకాన్ని చూచేవారికీ, వినేవారికీ ఒక భేదమున్నది. రంగస్థలం మీద ఒక పాత్ర పెదవి విప్పకుండా మూలను కూర్చున్నా ప్రేక్షకుని కంటికి కనబడుతూనే ఉంటుంది. రేడియోలో అట్లా కాదు. పలకని పాత్ర అక్కడ లేనట్లే లెక్క. అందుచేతనే రేడియోకు నాటకం సిద్ధపరచేవారు దృశ్యం మొదట్లోనే ప్రతి పాత్ర చేతనూ ఒక మాట అనిపించి, ఆ మనిషి అక్కడ ఉన్నట్లు శ్రోతకు తెలియజేస్తారు. ఈ చిన్న సూత్రం నాకు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ తెలిసినదే. దాని బరువు తెలిసివచ్చినది మాత్రం ఒక ముసలమ్మ అడిగిన ప్రశ్న వల్ల.

కొన్నేళ్ల క్రిందట గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నుంచి అగ్నిహోత్రావధాన్లు ఇంటి దృశ్యాలను తీసుకొని శ్రవ్యనాటికగా ప్రసారం చేశాము. ఆ వారంలోనే మరొక పనిమీద చీపురుపల్లి వైపు వెళ్లి, ఒక రైతు ఇంట భోజనానికి ఆగవలసి వచ్చినది. ఆ ఇంటివారు ప్రసారం విన్నారట. గిరీశం గొంతు బాగున్నదని యజమానీ, వెంకమ్మ దుఃఖం సహజంగా ఉన్నదని ఆయన భార్యా అన్నారు. అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఆయన తల్లి మాత్రం అంతా విని, "అందరూ మాటాడినారు. మరా గుంటేటన్నాది బాబూ?" అని అడిగినది. ఏ గుంట అన్నాను. "ముసిలోడికి సేత్తామన్న గుంట" అన్నది.

నా దగ్గర సమాధానం లేకపోయినది. ఇంటికి వచ్చి పుస్తకం తెరచి చూచుకున్నాను. సుబ్బి అనే ఆ పిల్లను గురించి తండ్రి మాట్లాడతాడు, తల్లి మాట్లాడుతుంది, మేనమామ మాట్లాడతాడు, అక్క మాట్లాడుతుంది, ఊరివారు మాట్లాడతారు. నాటకమంతా ఎవరి పెళ్లి చుట్టూ తిరుగుతున్నదో ఆ పిల్లకు చెప్పుకోదగిన మాట ఒక్కటీ లేదు.

కన్యాశుల్కమనగానే మనవారికి గిరీశమూ మధురవాణీ గుర్తుకు వస్తారు. అది సహజమే. గిరీశం మాటలు ఈ ప్రాంతంలో సామెతలైనవి. కానీ ఆ ఇద్దరినీ కాసేపు ప్రక్కకు పెట్టి చూస్తే, నాటకానికి ఇరుసువంటిది కృష్ణరాయపురం అగ్రహారంలో ఒక ఇంటి తగవు. పేరుకు తగినట్లే నిప్పువంటి కోపం గల అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని లుబ్ధావధాన్లుకు ఇస్తానని మాట ఇచ్చి వచ్చాడు. వరుడు వయసు మళ్లినవాడు, పైగా పేరులోనే లోభం ఉన్నవాడు. పెద్దకూతురు బుచ్చమ్మ విషయంలో ఇంతకు ముందే ఇటువంటి పని జరిగి, ఆమె బాల్యంలోనే వితంతువై పుట్టింట ఉన్నది. తల్లి వెంకమ్మకు ఆ గాయం ఇంకా మానలేదు. ఆమె అన్నదమ్ముడు కరటకశాస్త్రి, నాటకాలలో వేషాలు వేసేవాడు, చమత్కారి. అక్కాబావల మధ్యకు ఆయన వస్తాడు. మాటకు మాట పెరుగుతుంది. కడకు వెంకమ్మ ప్రాణం మీద ఆశ వదులుకొని నూతిలో పడుతుంది. అందరూ కలిసి ఆమెను పైకి తీస్తారు.

ఈ దృశ్యం హాస్యానికి హాస్యంగానే సాగుతుంది. వింటున్నంతసేపూ నవ్వు వస్తుంది. నవ్వు ఆగిన తరువాత ఒక విషయం తోస్తుంది. ఆ ఇంటి ఇల్లాలికి తన కూతురి పెళ్లి విషయమై భర్త చెవికి ఎక్కేటట్లు చెప్పుకొనేందుకు నూయి తప్ప వేరొక మార్గం లేదు.

ఇది అప్పారావుగారు ఊహించి వ్రాసిన వింత కాదు. విజయనగరం మహారాజా ఆనందగజపతిగారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో సొమ్ము పుచ్చుకొని జరిపిన వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించారు. 1897లో అచ్చయిన మొదటి కూర్పునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో అప్పారావుగారు ఆ పట్టికలోని అంకెలు ఇచ్చారు. నమోదైన వివాహాలు 1034. సగటున సంవత్సరానికి 344. వీటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడితే ఐదేళ్లూ, అంతకు లోపు వయసువారూ 188 మంది అవుతున్నారు. చంటిపిల్లలకు తలకు 350 నుంచి 400 రూపాయల వరకూ ధర పలికేదట. కడుపులో ఉన్న బిడ్డకు బేరం కుదిరిన సందర్భాలు కూడా ఉన్నవని ఆయనే వ్రాశారు.

ఆ పట్టిక సమగ్రం కాదనీ ఆయన చెప్పారు. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకొనేందుకు ఆ కుటుంబాలవారు ఇష్టపడరు గదా! ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది. మహారాజావారంతటివారు పూనుకొని విచారణ చేయించినా ఇంటి గడప దాటి లోపల ఏమి జరుగుతున్నదో పూర్తిగా బయటికి రాలేదు. శుల్క వివాహాలను ఆపేందుకు మదరాసు శాసనసభలో ఆయన చేసిన ప్రయత్నం కూడా చట్టం కాలేదు. విచారణకర్త గుమ్మం దగ్గర ఆగిపోతాడు. పుచ్చుకున్నవాడు చెప్పడు, ఇచ్చినవాడు చెప్పడు, అమ్ముడైన పిల్లకు మాటలే రావు. ఆ గుమ్మం దాటి లోపలికి పోగలిగినది నాటకం ఒక్కటే. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కాన్ని ప్రదర్శించినప్పుడు, తమ ఇళ్లలో తలుపులు వేసుకొని ఆడుకొనే మాటలను ఆ ఊరి పెద్దలు దీపాల వెలుతురులో నలుగురి మధ్యా కూర్చుని విన్నారు. భార్యతో కాపురానికి కనీస వయస్సును 12 ఏళ్లుగా నిర్ణయించిన శాసనం వచ్చి అప్పటికి ఒక్క సంవత్సరమే అయినది. దానిమీద దేశమంతటా వాదోపవాదాలు ఇంకా చల్లారలేదు.

ఇంటిలో వినబడే మాట ఎట్లా ఉంటుందో అట్లాగే వ్రాయటం వల్లనే ఇది సాధ్యమైనది. నాటకమంటే గ్రాంథికంలో ఉండవలసినదే అనుకొనే రోజులవి. విజయనగరం బడిలో అప్పారావుగారికి సహాధ్యాయి అయిన గిడుగు రామమూర్తిగారు తరువాత వ్యావహారిక భాషకోసం చేసిన వాదమంతా ఎట్లా ఉన్నా, తెలుగు కుటుంబంలో తగవు గ్రాంథికంలో జరగదన్న సంగతి ఈ నాటకం ఒక్క అంకంలో తేల్చివేసినది. సంధులు కుదుర్చుకొని, కర్తా కర్మా చూచుకొని తిట్టుకొనే దంపతులు ఎక్కడున్నారు?

ఆ తగవులోని న్యాయాన్యాయాల పంపకం కూడా గమనించదగినది. అగ్నిహోత్రావధాన్లును అప్పారావుగారు రాక్షసుని చేయలేదు. అతనికి దావాల పిచ్చి ఉన్నది, ఖర్చు ఉన్నది, కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువు పేరిట తగలేస్తున్న డబ్బు ఉన్నది. అన్నిటికీ మించి, తాను చేస్తున్నది తప్పని అతనికి తోచదు. అందరూ చేసేదే తానూ చేస్తున్నాడు. అందుచేత వాదంతో అతన్ని ఎవరూ మార్చలేరు. ఇంటిలో ఆ సంగతి అందరికంటె ముందు గ్రహించినవాడు కరటకశాస్త్రి. బావకు నచ్చజెప్పే పని మానివేసి, పెళ్లికొడుకు వైపునుంచి నరుక్కొని వస్తాడు. తన శిష్యుడైన మహేశానికి ఆడవేషం వేసి, సుబ్బికంటె తక్కువ ధరకు లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. బేరం నీతివల్ల చెడలేదు, చవకైన సరుకు దొరకటం వల్ల చెడినది. ఈ వ్యంగ్యం నన్ను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యపరుస్తుంది. ఆ మహేశానికి ఆడపిల్ల వేషంలో బోలెడు మాటలున్నవి. నిజమైన ఆడపిల్లకు లేనివి వేషం వేసిన మగపిల్లవానికి ఉన్నవి.

ముసలమ్మ ప్రశ్న పట్టుకొని మిగిలిన స్త్రీపాత్రలను కూడా చూస్తే ఒక వరుస కనబడుతుంది. ఇంటికి ఎంత లోపల ఉంటే గొంతు అంత సన్నం. సుబ్బికి మాట లేదు. బుచ్చమ్మకు ఉన్నది గాని, ఆమె అడిగేవన్నీ అమాయకపు ప్రశ్నలు. వాటికి జవాబులు చెబుతూ చెబుతూ గిరీశం ఆమెను ఇల్లు కదిలిస్తాడు. అతని బండారం బయటపడిన తరువాత ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయించేది వకీలు సౌజన్యారావు పంతులు. ఆయన మంచివాడే, నిర్ణయమూ మంచిదే. అయినా ఆమె ఏమన్నదో మనకు వినబడదు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి కూడా వితంతువే. ఆమెకు కొంత నోరున్నది, దానికి తగిన అపకీర్తీ ఉన్నది. ఇక పూటకూళ్లమ్మ ఎవరి ఇంటి చాటునా లేదు, తన కష్టం మీద బ్రతుకుతున్నది. ఆమె గిరీశాన్ని చీపురు పట్టుకొని వెదకగలదు. ఏ గృహానికీ చెందని మధురవాణి ఒక్కతే పంతులను, వకీలును, దొంగను, దొరను సమానంగా నిలబెట్టి మాట్లాడగలదు. 1909లో వెలువడిన రెండవ కూర్పులో అప్పారావుగారు నాటకాన్ని ఎంతో పెంచి, ఆమె పాత్రను ఇప్పుడు మనమెరిగిన రూపానికి తెచ్చారు. సంసారస్త్రీకి లేని వాక్కు వేశ్యకు ఇచ్చారని కొందరు పెద్దలు నొచ్చుకొన్నారు. ఇచ్చినది ఆయన కాదు. ఆ వాక్కు సమాజంలో ఎక్కడ మిగిలి ఉన్నదో చూచి, అక్కడినుంచి తీసుకొన్నారు.

ఇంటి తగవును కథగా అల్లి ఊరంతటికీ వినిపించటం మన ఒక్కరి సొత్తు కాదు. ఇరాను దేశంలో 1990 దశకంలో టెలివిజనులో "పెదర్ సాలార్" అనే ధారావాహిక ప్రసారమై ఎంతో ప్రజాదరణ పొందినది. పేరుకు ఇంటిపెద్ద, కుటుంబాధిపతి అని అర్థం చెప్పుకోవచ్చు. అక్బర్ ఖాజూయీ దర్శకుడు. అసదుల్లా ఖాన్ అనే తండ్రి వేషం వేసినది మొహమ్మద్ అలీ కెషావర్జ్ అనే ప్రసిద్ధ నటుడు. పెద్ద ముంగిలి గల పాతకాలపు ఇల్లు. పెళ్లిళ్లయిన కొడుకులూ కోడళ్లూ తండ్రి చెప్పుచేతలలో అక్కడే ఉండాలని ఆయన శాసనం. చిన్నకోడలు ఆజర్ ఆ ఇంటిలో ఉండనని చెబుతుంది. అంతే కథ. అందులో తండ్రి దుర్మార్గుడు కాడు, కోడలు గయ్యాళి కాదు. ఆయనకు ఇల్లు చెదిరిపోతుందని భయం, ఆమెకు తన కాపురం తనదిగా ఉండాలని కోరిక. మన లోగిళ్లలో ఇటువంటి మాటలు విననివారెవరు?

రెండు కథలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే అగ్నిహోత్రావధాన్లూ అసదుల్లా ఖానూ ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా వరండాలో కూర్చుని హాయిగా కాలక్షేపం చేయగలరనిపిస్తుంది. భేదమంతా రెండవ వైపున ఉన్నది. టెహరాను ఇంటిలో, తగవు ఎవరిని గురించో ఆ స్త్రీయే నోరు తెరచి కాదంటున్నది. కథ ఆ "కాదు" నుంచి మొదలవుతున్నది. కృష్ణరాయపురం ఇంటిలో ఆ మాట అనవలసినది పసిపిల్ల. ఆమెకు బదులు తల్లి నూతిలో పడినది, మేనమామ మోసానికి పూనుకొన్నాడు, ముక్కూ మొగమూ ఎరుగని వేశ్య నడుము కట్టినది. ఒక్క పిల్ల అనలేని ఒక్క మాటను అనేందుకు ఇంతమంది కావలసి వచ్చారు.

మన ప్రాంతంలో ఈ నాటకాన్ని బ్రతికించినవారు కూడా ఇంటిలోని మాట విని పెరిగినవారే. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారానికి చెందిన సోదరులు జె. వి. సోమయాజులుగారూ, జె. వి. రమణమూర్తిగారూ దశాబ్దాలపాటు దీనిని ఊరూరా ప్రదర్శించారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వాన వచ్చిన చలనచిత్రంలో సావిత్రి మధురవాణిగా, ఎన్. టి. రామారావు గిరీశంగా, షావుకారు జానకి బుచ్చమ్మగా నటించారు. అందులో విన్నకోట రామన్నపంతులుగారి అగ్నిహోత్రావధాన్లును చూచినవారు ఆ కోపాన్ని మరచిపోలేరు. నటులకు ఒక్క మనవి చేయాలని ఉన్నది. వెంకమ్మ వేషాన్ని చిన్నదిగా తలచి కొత్తవారికి అప్పగించటం పరిపాటి అయినది. గిరీశాన్ని ఎవరైనా కొంతవరకు ఒప్పించగలరు. ఆయన మాటలే ఆయనను మోస్తాయి. వెంకమ్మకు ఆ సదుపాయం లేదు.

సుబ్బి మాట మాత్రం అప్పారావుగారి మనస్సులో ఎక్కడో మిగిలిపోయి ఉన్నదని నా నమ్మకం. ఆయన తరువాతి రచనలలో అది బయటికి వచ్చినది. 1910లో ఆంధ్రభారతిలో ప్రకటించిన "దిద్దుబాటు" కథ కూడా ఇంటి తగవే. రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కనబడదు, ఆమె వ్రాసిన ఉత్తరం కనబడుతుంది. చదువుకున్న కమలిని నూతి దగ్గరికి పోలేదు, కలం పట్టినది. ఆమె పుట్టింటికీ పోలేదు. మంచం క్రింద దాగి భర్త పశ్చాత్తాపాన్ని వింటున్నది. కథ చివర వినబడేది ఆమె నవ్వు. "పూర్ణమ్మ" గేయకథలోని పిల్ల అంత అదృష్టవంతురాలు కాదు. ఆమె పూజారి కూతురు. సొమ్ముకు ఆశపడి ముసలివానికి కట్టబెట్టారు. మగడు తీసుకొనిపోవటానికి వచ్చిన నాడు ఆమె అన్నలనూ తమ్ములనూ పిలిచి, నలుగురూ సంతోషంగా ఉన్నప్పుడు తనను ఒకసారి తలచుకొమ్మని చెప్పి, దుర్గ గుడి వైపు వెళ్లి మరలి రాదు. సుబ్బికి నాటకంలో దొరకని మాటలన్నీ అక్కడ పూర్ణమ్మకు దొరికినవి. కానీ అవి వీడ్కోలు మాటలు. నాటకంలో తల్లిని నూతినుంచి పైకి తీసినవారు, గేయంలో కూతురిని తీయలేకపోయారు.

కన్యాశుల్కమన్న ఆచారం కాలక్రమాన అంతరించి, దానికి ఎదురు ఆచారమైన వరకట్నం ఇంటింటా నిలిచినది. 1929లో శారదా శాసనం ఆడపిల్ల వివాహ వయస్సును 14 ఏళ్లు చేసినది. 1961లో వరకట్న నిషేధ శాసనం వచ్చినది. ఇప్పుడు వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. సొమ్ము ఏ వైపునుంచి ఏ వైపునకు పోతున్నా, ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ కలిసి దాచిపెట్టే అలవాటులో మాత్రం ఆనందగజపతిగారి పట్టిక నాటికీ నేటికీ పెద్ద భేదం కనబడదు.

ఆ ముసలమ్మను కలిసిన మరుసటి సంవత్సరం అవే దృశ్యాలను తిరిగి ధ్వనిముద్రణ చేసే అవకాశం వచ్చినది. మొదటిసారి నూతి దృశ్యం కోసం గంగాళం నిండా నీళ్లు పోసి బిందె జారవిడిచాము. అది బిందె చప్పుడుగానే వినబడినది. ఈసారి యంత్రం తీసుకొని ఊరి వెలుపల నిజమైన నూతి దగ్గరికే పోయి రాత్రివేళ శబ్దం పట్టుకొన్నాము. సుబ్బి విషయమై మాలో మాకు పెద్ద చర్చ జరిగినది. ఆమె చేత ఒక మాట అనిపిద్దామని ఒకరన్నారు. అప్పారావుగారు వ్రాయని మాటను వ్రాసేందుకు మనమెవరమని మరొకరన్నారు, నేనూ ఆ పక్షమే. కడకు, తలిదండ్రులు వాదించుకొంటున్నంతసేపూ వెనుకనుంచి గచ్చుమీద గవ్వలు వేసే చప్పుడు సన్నగా వినిపించాలనీ, నూతిలో నీళ్ల చప్పుడుతో అది ఆగిపోవాలనీ నిశ్చయించాము. అది కూడా కల్పనేనని ఒక మిత్రుడు ఇప్పటికీ దెప్పుతూ ఉంటాడు.

ప్రసారం తేదీ తెలుపుతూ చీపురుపల్లి దగ్గరి ఆ ఇంటికి ఉత్తరం వ్రాశాను. ముసలమ్మ మనుమడు జవాబు వ్రాశాడు. ఆ రాత్రి ఊళ్లో కరెంటు పోయిందట; బ్యాటరీ సెట్టు ముందు పెట్టుకొని విన్నారట. తగవు సగంలో ఉండగా ముసలమ్మ అందరినీ ఊరుకొమ్మని చెయ్యెత్తి, "గవ్వలాడతన్నాదిరా గుంట" అన్నదట.